ఏడు ఆర్లు నలభై ఎనిమిది

మా పక్క ఫ్లాట్‌లో ఒక చిన్నపిల్ల రోజూ సాయంత్రం ఎక్కాలు బట్టీ పడుతుంది. వాళ్ళమ్మ వంటింట్లో తాలింపు వేస్తూ వింటుంది. ఆవాల చిటపటలు, ఇంగువ వాసన, ఆ పిల్ల రాగం, మూడూ కలిసే గోడ దాటి మా వసారాలోకి వస్తాయి. నిన్న ఏడో ఎక్కం నడుస్తోంది. "ఏడు అయిదులు ముప్పై అయిదు, ఏడు ఆర్లు నలభై ఎనిమిది" అంది పిల్ల. "తప్పు! మళ్ళీ మొదట్నుంచీ చెప్పు" అని వాళ్ళమ్మ బాణలి మీద గరిటె మోగించింది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఒక తప్పు విని నాలా సంతోషపడే మనిషి ఈ అపార్ట్‌మెంట్‌లో ఇంకొకరు ఉండరు. ఆ సంతోషం నాకు డాక్టర్ కౌసల్యగారి దగ్గర అబ్బింది.

కౌసల్యగారు మత్తు డాక్టరు. తొంభైల్లో ఉత్తర చెన్నైలోని ఒక ధర్మాసుపత్రిలో పనిచేసేవారు. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు, ఆ చోట ఏదో గోడౌను వచ్చింది. నేను చదువు ముగించుకుని తొండియార్‌పేటలోని మా ఇంటి నుంచి బస్సులో వెళ్ళివస్తూ అక్కడి కాజువాలిటీలో డ్యూటీ డాక్టరుగా చేరాను. ఆమె మనిషి పొట్టి, గొంతు పెద్దది. పూర్వీకులెప్పుడో కోయంబత్తూరు వైపు వెళ్ళి స్థిరపడ్డ తెలుగువాళ్ళు. తెలుగు చదవడం రాదు, మాట్లాడటమే. కోపం వస్తే తెలుగులో మొదలుపెట్టి, తమిళంలో తిట్టి, ఇంగ్లీషులో ముగించేవారు. కోపం తరచుగానే వచ్చేది. తిండి విషయంలో మాత్రం ఎవరినీ వదిలేవారు కాదు. ఎదురుపడ్డ ప్రతి మనిషినీ మొదట "తిన్నావా?" అని అడిగి, తర్వాతే చీవాట్లు పెట్టేవారు.

నా పేరు రేణుక. ఆమె మొదటిరోజు నుంచీ నన్ను "రేవతీ" అని పిలిచారు. నాకు ముందు ఆ ఉద్యోగంలో ఉన్న అమ్మాయి పేరు రేవతి అట. "మేడమ్, నేను రేణుకని" అని చెప్పి చూశాను. "సెరి సెరి, రేణుకా" అన్నారు. మరునిమిషమే "రేవతీ, ఆ ఆక్సిజన్ సిలిండరు ఇట్టా తోయించు" అన్నారు. ఇంకో రెండుమూడు సార్లు ప్రయత్నించి వదిలేశాను. కొన్నాళ్ళకి సిస్టర్లు కూడా సగం మంది నన్ను రేవతి డాక్టరనే అనడం మొదలుపెట్టారు. ఆమె పోయేదాకా నేను రేవతినే.

ఆనాటి కాజువాలిటీ ఎలా ఉండేదో ఇప్పటివాళ్ళకి కొంచెం చెప్పాలి. పిల్లవాడు నుదురు పగలగొట్టుకుని వస్తాడు. కుట్లు వేయాలి. వాడు కుదురుగా ఉండడు. అందుకని బల్లమీద దుప్పటి పరిచి, వాణ్ణి పడుకోబెట్టి, చేతులు ఒంటికి ఆనించి బిగువుగా చుట్టేసేవాళ్ళం. తల ఒక ఆయా పట్టుకునేది, కాళ్ళు ఒక వార్డుబాయ్. తల్లిని బయటికి పంపి తలుపు వేసేసేవారు. దీనికి మా దగ్గర "పొట్లం" అని పేరు. "సిస్టర్, పొట్లం కట్టండి" అంటే అదేదో చెడ్డమాటలా ఎవరికీ వినిపించేది కాదు. మొద్దుబార్చే మందు పొడిచినా, అది పనిచేసేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు. గట్టి నొప్పిమందులంటే లైసెన్సులు, తాళాలు, సంతకాలు. పిల్లలకి నొప్పి గుర్తుండదని పెద్ద పెద్ద డాక్టర్లే నమ్మేవారు. వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. బయట వరండా నిండా జనం ఉండేవారు, తమ సొంత పిల్లలకి దెబ్బ తగిలినా వాళ్ళు అలాగే చేసేవారు.

కౌసల్యగారికి కాజువాలిటీతో అసలు పనే లేదు. ఆమె చోటు మేడమీద ఆపరేషన్ థియేటరు. కానీ పైన ఒక కేసుకీ ఇంకో కేసుకీ మధ్య ఖాళీ దొరికితే, పిలవని పేరంటంలా కిందికి దిగివచ్చేవారు. చేతిలో మందుల స్టీలు డబ్బా. ఒకసారి గడ్డం చిట్లిన పిల్లవాడికి నేను సూది వేయబోతున్నాను. "ఏం నొప్పుండదు కన్నా, చీమ కుట్టినట్టు ఉంటుంది" అన్నాను. వెనకనుంచి ఆమె నా జబ్బ పట్టుకుని వరండాలోకి లాక్కుపోయారు.

"తిన్నావా?" అన్నారు ముందు. తిన్నానన్నాను. "అయితే విను. ఈ నోటితో ఇంకోసారి ఆ మాట అనబాకు రేవతీ. సూది దిగినాక ఆ బిడ్డ నిన్ను నమ్ముతాడా? నొప్పుంటాది అని చెప్పు. ఎంతసేపు ఉంటాదో చెప్పు. ఈడనే ఉంటానని చెప్పు. చెప్పినాక ఉండు. అంతే, వేరే మంత్రం ఏమీ లేదు."

లోపలికి వచ్చి పిల్లవాడి తల్లికి కూడా వడ్డించారు. ఆవిడ అంతకుముందు "అల్లరి చేస్తే డాక్టరమ్మతో పెద్ద సూది పొడిపిస్తా" అని కొడుకుని బెదిరించింది. "నన్ను పోలీసును చేయొద్దు తల్లీ. నీ ఇంట్లో వాడు అన్నం తినకపోతే దానికి నేనెందుకు మధ్యన?" అన్నారు. ఆవిడ నవ్వాలో ఏడవాలో తెలియక కొడుకు తల నిమిరింది.

జయంతి మా దగ్గరికి వచ్చింది ఆ తర్వాతి వేసవిలో. ఏడేళ్ళ పిల్ల. సౌకార్‌పేటలో మిరపకాయల హోల్‌సేల్ వ్యాపారం చేసే శెట్టిగారి మనవరాలు. మరుగుతున్న పాలగిన్నె మీద పడి ఎడమచెయ్యీ తొడా కాలాయి. ఆ పూట కౌసల్యగారు పైన పెద్ద ఆపరేషన్‌లో ఉన్నారు. కింద మామూలుగానే జరిగిపోయింది. పొట్లం కట్టారు, బొబ్బలు శుభ్రం చేశారు, కట్టు కట్టారు. మూసిన తలుపు అవతల ఆ పిల్ల అరుపులు వింటూ తాత వరండాలో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత వార్డులో చేర్చారు. ఆ కట్టు ఒక్కసారితో అయ్యేది కాదు, మానేదాకా రోజు విడిచి రోజు విప్పి కట్టాలి.

మర్నాడు కౌసల్యగారితో కలిసి వార్డుకి వెళ్ళాను. శెట్టిగారు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. తెల్లపంచె, మెడలో తువ్వాలు, వేళ్ళకి మిరపకాయల ఘాటు. పిల్లని మాటల్లో పెట్టడానికి "ఏడో ఎక్కం చెప్పమ్మా, నా తల్లి గదా" అని బతిమాలుతున్నారు. పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. ముందురోజు నుంచీ ఒక్కమాట లేదట. వాళ్ళింట్లో సాయంత్రం దీపం పెట్టగానే మనవలంతా తాత ముందు వరసగా కూర్చుని ఎక్కాలు ఒప్పజెప్పాలి. అందరిలోకీ గొంతు పెద్దది ఈ పిల్లదేనట.

కౌసల్యగారు తన సంగతి చెప్పారు. ఈసారి కట్టు మార్చేటప్పుడు మత్తు ఇస్తాను, పిల్లకి ఏమీ తెలియదు అన్నారు. అంతదాకా మెత్తగా ఉన్న శెట్టిగారు లేచి నిలబడ్డారు.

"మత్తు వద్దు డాక్టరమ్మా. కావాలంటే నేనే పట్టుకుంటా. మత్తు మాత్రం వద్దు."

ఎందుకని అడిగితే చెప్పారు. ఆయన తమ్ముడికి చిన్నప్పుడు చెయ్యి విరిగితే, ఎముక కూర్చడానికి ఏదో ఆసుపత్రిలో క్లోరోఫారం ఇచ్చారట. చెయ్యి బాగానే అతుక్కుంది. కానీ ఆ పిల్లవాడు మునుపటి పిల్లవాడు కాలేదు. "అంతకుముందు నాకంటే వాడే చురుకు. తర్వాత రెండూ రెండూ కూడను రాలా. మా అంగట్లోనే మూటలు కుట్టుకుంటా పోయినాడు. ఈ బిడ్డని ఆ పక్కకి పంపనమ్మా. కాలిన చర్మం వస్తాది. పోయిన బుద్ధి వస్తాదా?"

ఇంత మొండితనమేమిటి అని నాకు చిరాకు వేసింది. ఈ రోజుల్లో అలా జరగదని చెప్పబోయాను. కౌసల్యగారు చెయ్యి అడ్డం పెట్టారు. ఇంకో స్టూలు లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చున్నారు.

"ఆ దినం ఏం జరిగిందో నాకు తెలీదు నాయనా. తెలిసినట్టు చెప్పను. ఒక్కటి చెప్తా. ఆ కాలంలో మత్తు ఇచ్చేవాళ్ళే ఇంకో చేత్తో ఎముక కూడా పట్టుకునేవాళ్ళు. ఊపిరి సరిగ్గా ఆడతా ఉందా లేదా అని చూసే మనిషి ఉండరు. ఊపిరి తగ్గితే మెదడు దెబ్బతింటాది. మీ తమ్ముడికి అట్టా అయ్యుండచ్చు. మీ భయం ఉత్త భయం కాదు. అందుకే, ఇదిగో ఈ అమ్మి ఉండాది చూడండి రేవతి, ఇది ఆ గదిలో వేరే పనేమీ చెయ్యదు. బిడ్డ ఊపిరి చూస్తాది, అంతే. మీరూ లోపలికి రండి. మీ కండ్లతో మీరే చూడండి."

ఆయన గోడవైపు తిరిగిన పిల్ల వీపునే చూస్తున్నారు. కౌసల్యగారు గొంతు తగ్గించి అన్నారు. "నిన్న మత్తు ఇయ్యలా గదా నాయనా. మరి ఎక్కం యాడికి పోయింది?"

శెట్టిగారు తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు. "నేను పక్కనే ఉంటా" అన్నారు. ఒప్పుకున్నట్టే. కానీ లేచాక పిల్ల మునుపటిలా ఉందో లేదో తానే చూసుకుంటానని, తేడా కనిపిస్తే ఇంకెప్పుడూ మత్తు మాట ఎత్తకూడదని షరతు పెట్టారు. కౌసల్యగారు సరేనన్నారు. బయటికొచ్చాక "అదేం ఒప్పందం మేడమ్, లేవగానే పిల్లలు తికమకగా మాట్లాడతారు కదా" అన్నాను. "అది కూడా ముందే చెప్తాం. ఎందుకు దాస్తాం?" అన్నారు. ఆమె ధీమాగా లేరని మాత్రం నాకు తెలిసింది. మెట్లెక్కుతూ నన్ను తిన్నావా అని అడగలేదు.

కట్టు మార్చే రోజు పొద్దున్నే సర్జన్‌గారు సిద్ధంగా ఉన్నారు. పిల్లకి పొద్దున్నుంచి ఏమీ పెట్టలేదని ఇంట్లోవాళ్ళంతా ఒక్కమాటగా చెప్పారు. కడుపులో ఏమైనా ఉంటే మత్తులో వాంతి అయి అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అందుకే ఆ ప్రశ్న. కౌసల్యగారు పెద్దవాళ్ళని వదిలేసి పిల్ల మొహం దగ్గర కూర్చున్నారు. "పొద్దున నోట్లో ఏం పెట్టుకున్నావు? ప్రసాదమైనా సరే. కోప్పడనులే" అన్నారు. పిల్ల నోరు విప్పలేదు. చూపు మాత్రం పక్కనే నిలబడ్డ వాళ్ళ అవ్వ చేతిలోని స్టీలు డబ్బా మీదికి పోయింది. గుడిలో పిల్ల పేరున అర్చన చేయించి, అక్కడ ప్రసాదంగా ఇచ్చిన చక్కెరపొంగలి తెచ్చి తినిపించిందట అవ్వ. "ప్రసాదం గదమ్మా, అది తిండి కింద వస్తాదా?" అంది ఆవిడ, నిజంగానే ఆశ్చర్యపోతూ.

"దేవుడిచ్చినా నేనిచ్చినా కడుపులోకి పోయినాక ఒకటే అవ్వా" అన్నారు కౌసల్యగారు, కోపం లేకుండానే. కట్టు మధ్యాహ్నానికి వాయిదా వేయాలన్నారు. సర్జన్‌గారికి ఒళ్ళు మండింది. "ఎంత, పది నిమిషాల పని. పొట్లం కట్టేస్తే ఈపాటికి అయిపోయుండేది" అన్నారు. కౌసల్యగారు డ్రెస్సింగ్ గది గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నారు. "కట్టుకోండి డాక్టర్. నన్ను దాటుకుని పోండి" అన్నారు. ఆయన విసురుగా వెళ్ళిపోయి, మధ్యాహ్నం దాటాక వచ్చారు.

పిల్లని బల్లమీద పడుకోబెట్టాం. దుప్పటి చూడగానే ఆ పిల్ల ఒళ్ళంతా బిగిసింది. అప్పుడు వినిపించింది మొదటి మాట. "పొట్లం కడతారా?"

"కట్టం. నీ చేతులు నీ దగ్గరే ఉంటాయి" అన్నారు కౌసల్యగారు. "ఒక్క సూది వేస్తా. నొప్పుంటాది. కొంచెంసేపే. ఆ తర్వాత నిద్రొస్తాది. మీ తాత ఈడనే ఉంటాడు, నేనూ ఈడనే ఉంటా." శెట్టిగారి వైపు తిరిగి చెప్పారు. "ఈ మందులో కండ్లు తెరుచుకునే ఉంటాయి నాయనా. భయపడబాకండి. లేచినాక వాంతి చేసుకోవచ్చు, ఏందేందో మాట్లాడచ్చు. అదంతా పట్టించుకోవద్దు. ఏమడగాలన్నా సాయంత్రం అడగండి."

సూది వేసినప్పుడు పిల్ల కెవ్వుమంది. తర్వాత కళ్ళు తెరిచే నిద్రపోయింది. నా పని ఆ చిన్న ఛాతీ లేచి పడటం చూడటం, గోళ్ళ రంగు చూడటం. ఇంకేదీ చూడలేదు. కట్టు విప్పారు, కడిగారు, మళ్ళీ కట్టారు. శెట్టిగారు మనవరాలి పాదం ఒక్కటి రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. ఆ గదిలో పిల్లల కట్టు మార్చేటప్పుడు నిశ్శబ్దంగా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. గాజుగుడ్డ చిరిగే చప్పుడు కూడా వినిపించింది.

లేచాక అంతా ఆమె చెప్పినట్టే జరిగింది. పిల్ల వాంతి చేసుకుంది. సీలింగు మీద చేపలు తిరుగుతున్నాయంది. తాతని చూసి "ఎవురు నువ్వు?" అంది. శెట్టిగారి మొహంలో రక్తం లేదు. ముందే చెప్పారు కాబట్టి ఓర్చుకున్నారు గానీ, ఆ మధ్యాహ్నమంతా మంచం పక్కనుంచి లేవలేదు. చేపల మాట నిజంగానే పట్టించుకోనవసరం లేదని నాకు తెలుసు. కానీ ఆయన కళ్ళముందు ఉన్నది మూటలు కుట్టే తమ్ముడు.

సాయంత్రం కౌసల్యగారూ నేనూ వెళ్ళేసరికి జయంతి దిండుకి ఆనుకుని కూర్చుని ఇడ్లీ తింటోంది. మొహంలో కళ వచ్చింది. మమ్మల్ని చూసి శెట్టిగారు గొంతు సవరించుకున్నారు. "ఏడో ఎక్కం చెప్పమ్మా" అన్నారు. పిల్ల ఇడ్లీ మింగి, రాగం అందుకుంది. గొంతు నిజంగానే పెద్దది, పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు.

"ఏడు ఒకట్ల ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు, ఏడు మూళ్ళు ఇరవై ఒకటి, ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది, ఏడు అయిదులు ముప్పై అయిదు, ఏడు ఆర్లు నలభై ఎనిమిది..."

శెట్టిగారు కదలలేదు. ఆయన విన్నారో లేదో తెలియలేదు. పిల్ల మాత్రం ఆగకుండా పైకి పోతోంది. ఎవరూ ఏమీ అనకుండా ఉంటే ఇలాగే దాటిపోతుందేమోనని ఆశపడ్డాను. అప్పుడు కౌసల్యగారు మాట్లాడారు.

"తప్పు చెప్పింది నాయనా. నలభై రెండు గదా. నేనూ విన్నా. మీకు చెప్పకపోతే మోసమవుతాది."

ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. ఆ ఒక్కమాటతో ఆ పిల్ల మిగతా కట్లన్నీ మళ్ళీ దుప్పట్లోకే పోతాయని ఆమెకి తెలుసు. శెట్టిగారు ఆమెకేసి చూశారు. ఆయన గడ్డం వణికింది. ఏడుస్తున్నారనుకున్నాను. ఏడుస్తున్నారు, నవ్వుతూ.

"అది ఎప్పుడూ ఆడనే జారతాది డాక్టరమ్మా! ఒకటో తరగతి నుంచీ అంతే. కొట్టినా, తిట్టినా, బొరుగుల ఉండ పెడతానన్నా నలభై ఎనిమిదే. అందరు పిలకాయల్లో ఈ తప్పు చేసేది ఇదొక్కటే." మనవరాలి తల రెండు చేతుల్లోకి తీసుకున్నారు. "ఇది మా బిడ్డే. మా బిడ్డ మాకు వచ్చేసింది."

"తప్పా తాతా?" అంది జయంతి బిక్కమొహం వేసుకుని. "తప్పేనమ్మా. ఉండనీ. నెమ్మదిగా నేర్చుకుందువులే" అన్నారాయన. కౌసల్యగారు కిటికీ వైపు తిరిగి కాసేపు బయటికి చూశారు. తర్వాత అవ్వ ఇచ్చిన ఇడ్లీ పొట్లం పుచ్చుకుని, నన్ను తిన్నావా అని అడిగారు. మెట్లమీదే కూర్చుని మొత్తం ఇద్దరం తినేశాం.

మిగతా కట్లన్నీ మత్తులోనే జరిగాయి. శెట్టిగారు ప్రతిసారీ లోపలే ఉన్నారు. తర్వాత సౌకార్‌పేట నుంచి వచ్చేవాళ్ళు కొందరు "శెట్టిగారి మనవరాలికి ఇచ్చిన మందే మా పిల్లకీ ఇయ్యండి" అని అడగడం మొదలుపెట్టారు. దానితో పొట్లం మాయమైపోయిందని చెప్పను. కౌసల్యగారు పైన ఆపరేషన్‌లో ఉన్న పూటల్లో అది ఇంకా చాలా ఏళ్ళు నడిచింది. కానీ నేను ఏం చదవాలో ఆ సాయంత్రమే తేలిపోయింది. నేనూ మత్తు డాక్టరునయ్యాను. ఇప్పటికీ మత్తు ఇచ్చేముందు పిల్లల తల్లిదండ్రుల్ని ఒకటి అడుగుతాను. "మీవాడు ఎప్పుడూ తప్పు చెప్పేది ఏది?" కొత్తగా చేరిన డాక్టర్లు నవ్వుకుంటారు. సరైన జవాబు ఎవరైనా నేర్పొచ్చు, ఆ తప్పు మాత్రం ఆ పిల్లవాడి సొంతం అని వాళ్ళకి చెబుతాను.

చాలా ఏళ్ళ తర్వాత కౌసల్యగారు స్నానాలగదిలో పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్‌కి మత్తు నన్నే ఇమ్మన్నారు. "నొప్పి ఉంటుంది మేడమ్" అని మొదలుపెట్టాను. "నాకే చెప్తావా?" అన్నారు. ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ పెద్దవయసువాళ్ళకి ఒక్కోసారి అయినట్టే, లేచాక ఆమెకి మనుషులు పోల్చుకోవడం పోయింది. కన్నకొడుకుని ఎవరని అడిగారు. నన్ను చూసి, నా కోటు మీది పేరు ఇంగ్లీషులో కూడబలుక్కుని చదివి, "డాక్టర్ రేణుకగారూ, కొంచెం నీళ్ళు ఇప్పిస్తారా?" అన్నారు ఎంతో మర్యాదగా. ఆమె నోట నా అసలు పేరు విని నేను హడలిపోయాను. నీళ్ళు పట్టించి, బయటికి వచ్చి, వరండాలో నిలబడి ఏడ్చాను.

ఆమె నేర్పినట్టే అక్కడే ఉన్నాను. మర్నాడు పొద్దున మంచం పక్కన కుర్చీలో కునుకు తీస్తుంటే ఎవరో నా జబ్బ మీద గట్టిగా గిల్లారు.

"ఏం రేవతీ, మొహం అట్టా పీక్కుపోయింది? తిన్నావా?"

లేదు మేడమ్ అన్నాను. ఆమె పోయి చాలాకాలమైంది. ఆసుపత్రి వరండాలో ఎవరు ఎవరిని రేవతీ అని పిలిచినా, ఇప్పటికీ నేనే వెనక్కి తిరిగి చూస్తాను.